శ్రమకాలంలో ఆడిట్

కిందటి వారం మా హేతువాద సంఘం మిత్రుడొకాయన గుంటూరు నుంచి ఫోన్ చేశారు. కుశల ప్రశ్నలయ్యాక కాస్త గొంతు తగ్గించి, "ఉధ్నాలో మీరు ఆదివారం ఆదివారం చర్చికి వెళ్తున్నారట, నిజమేనా?" అని అడిగారు. మా బంధువు ఎవరో చెప్పాడట. ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "పోన్లెండి, వయసు మీద పడితే చాలామంది అటే తిరుగుతారు" అని నన్ను ఓదార్చారు కూడా.

నిజమే, వెళ్తున్నాను. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ప్రార్థన జరిగే గది రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. చెయ్యి పట్టుకుని ఎక్కించాలి, గంటన్నర తర్వాత మళ్లీ దింపాలి. ఆ గంటన్నర కింద వీధిలో నిలబడేకంటే వెనక కుర్చీలో కూర్చోవడం నయం. మొదట్లో సంగతి ఇంతే. తర్వాత 2024లో శ్రమకాలం వచ్చింది, నాకు సంబంధం లేదనుకున్న ఒక వ్యవహారంలో పీకల్దాకా దిగాను. మిత్రుడికి ఫోన్లో చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను. చదివి, నేను తిరిగానో లేదో మీరే తేల్చండి.

ముందు నా సంగతి. నేను పుట్టింది గుంటూరు జిల్లా పల్లెలో, లూథరన్ కుటుంబంలో. నాన్న మిషన్ బడిలో పంతులు. ఆదివారం అయ్యగారు రాకపోతే ఆరాధన నడిపేదీ ఆయనే. అమెరికా నుంచి ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగు పెట్టింది 1842 జూలై 31న అని ఒకటో తరగతి ముందే నాకు కంఠతా వచ్చు. ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం 1927లో ఏర్పడిందని కూడా. లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి మొత్తం ఒప్పజెబితే నాన్న పటికబెల్లం ముక్క పెట్టేవారు. ఆ పటికబెల్లం కోసం దేవుణ్ణి చాలా ఏళ్లు నమ్మాను.

బి.కాం. చదివే రోజుల్లో గోరా గారి పుస్తకాలు చేతికొచ్చాయి. తర్వాత 'హేతువాది' పత్రిక. నమ్మకం ఒక్కరోజులో పోలేదు. పాత బాకీలా ఏడాదికింత చొప్పున తగ్గుతూ వచ్చి, ఒకనాడు చూస్తే నిల్వ సున్నా. నాన్నతో గొడవ పడలేదు. మా ప్రాంతంలో ఈ రెంటికీ మధ్య గోడ బయటివాళ్లు అనుకునేంత ఎత్తుగా ఉండదు. 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న గుర్రం జాషువా గారి కూతురు హేమలత, నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారి ఇంటికే కోడలైంది కదా!

1982లో డిఫెన్స్ అకౌంట్స్‌లో ఆడిటర్‌గా చేరాను. ఎస్.ఎ.ఎస్. పరీక్ష గట్టెక్కి, ఊళ్లు తిరిగి, 2020లో సీనియర్ అకౌంట్స్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. ముప్పై ఎనిమిదేళ్లు నాకు శ్రమకాలం అంటే మార్చి నెలే. ఈస్టర్ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు కనుక, ఆర్థిక సంవత్సరం ముగింపు ఎక్కువ ఏళ్లు ఆ ఉపవాస దినాల్లోనే పడుతుంది. మా ఆవిడ ఒంటిపూట భోజనం భక్తితో చేసేది, నేను బిల్లుల రద్దీతో చేసేవాణ్ణి.

మా అబ్బాయి పాండేసరాలో ఒక డైయింగ్ మిల్లులో అకౌంట్స్ చూస్తాడు. అందుకని 2021లో ఉధ్నా చేరాం. సూరత్ స్టేషన్‌కి దక్షిణాన, జలగాం లైను చీలే చోట ఉంటుంది ఉధ్నా. రైలు దిగి పది నిమిషాలు నడిస్తే చాలు, సాంచాల చప్పుడు వినిపిస్తుంది. సందుల్లో ఖాతాలు (సాంచాల షెడ్లని ఇక్కడ ఖాతా అంటారు. నాలాంటివాడికి ఆ మాట వినగానే లెడ్జరు గుర్తొస్తుంది), పన్నెండు గంటల షిఫ్టులు, కట్టల కొద్దీ బట్ట మోసుకెళ్లే టెంపోలు. ఉధ్నాలో, లింబాయత్‌లో తెలుగువాళ్లు ఎక్కువ. వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి తరాల కిందటే వచ్చినవాళ్లున్నారు. సూరత్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుందంటే గుంటూరులో చాలామంది నమ్మరు.

ఎక్కువమంది పద్మశాలీలు. వాళ్ల మధ్య, వాళ్ల దగ్గరే మగ్గం పని నేర్చుకున్న క్రైస్తవ కుటుంబాలు కొన్ని ఉన్నాయి. మా ప్రార్థన గదికి వచ్చేవి ముప్పై దాకా. గదికి బోర్డు లేదు. ఫలానా సంఘం అని చెప్పడం కూడా కష్టం. ఒకప్పుడు మిషనరీలు జిల్లాలు పంచుకున్నారు గదా! నల్గొండ వాళ్లు బాప్టిస్టులు, మహబూబ్‌నగర్ వాళ్లు మెన్నొనైట్లు, మెదక్ వాళ్లు సి.ఎస్.ఐ., గుంటూరు, పశ్చిమ గోదావరి వాళ్లం లూథరన్లం. ఊళ్లో ఉన్నప్పుడు ఒకరి చర్చి గడప ఒకరు తొక్కని ఈ నాలుగు రకాలూ ఉధ్నాలో ఒకే చాప మీద కూర్చుంటారు. గది అద్దెకు తీసుకున్న పెద్దాయన ఏలూరు వైపు లూథరన్ కనుక ఆరాధన క్రమం లూథరన్‌ది. పాపపు ఒప్పుకోలు, క్షమాపణ ప్రకటన, విశ్వాస ప్రమాణం అన్నీ వరసగా ఉంటాయి. నెలకొకసారి అయ్యగారు వేరే ఊరి నుంచి వస్తారు. మిగతా వారాలు ఈ పెద్దాయనే నడుపుతారు.

గది కింద ఖాతా. ఆరాధన జరుగుతుంటే నేల సన్నగా అదురుతూ ఉంటుంది. కీర్తన ఎత్తుకుంటే సాంచాలే తాళం. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత అలవాటైంది. ఎప్పుడైనా కరెంటు లేక సాంచాలు ఆగితే, పాడేవాళ్లే లయ తప్పుతారు.

ఆ ఏడాది భస్మ బుధవారం ఫిబ్రవరి 14న వచ్చింది, ఈస్టర్ మార్చి 31న. మధ్యలో 46 రోజులు. ఆదివారాలు ఆరు తీసేస్తే నలభై. ఆదివారం ఉపవాస దినం కాదు కనుక లెక్కలోకి రాదు. సెలవులు మినహాయించి పనిదినాలు లెక్కగట్టే ఈ పద్ధతి నాకెప్పుడూ నచ్చుతుంది. మార్చి 12 నుంచి లింబాయత్‌లో రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి. మా పక్క వాటాలో సాయిబుగారింట్లో తెల్లవారుజామున గిన్నెల చప్పుడు, మా ఇంట్లో మధ్యాహ్నం నిశ్శబ్దం. మా ఆవిడ, ఆ ఇంటావిడ మెట్ల మీద నిలబడి ఎవరిది కఠినం అని మాట్లాడుకునేవారు. మంచినీళ్లు కూడా తాగరు కనుక వాళ్లదే కఠినమని మా ఆవిడ ఒప్పుకుంది.

శ్రమకాలంలో బుధ, శుక్రవారాలు ఇంటింటి కూటాలు. రాత్రి షిఫ్టు మారాక ఎనిమిదింటికి మొదలు. ఒంటిమీద దూది పొట్టుతోనే వచ్చి కూర్చునేవారు మగవాళ్లు. ఆ నలభై రోజులూ ఆడవాళ్లు వండేటప్పుడు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేస్తారు. మానేసిన పూట భోజనం ఖర్చు ఇంకో డబ్బాలో వేస్తారు. బియ్యం వాళ్లే తూకం వేసి కొనుక్కుంటారు. ఈ డబ్బంతా 'ఆపద నిధి'కి పోతుంది. 2020 లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగి, జేబులో పైసా లేక, ఊరికి పోయే దారి లేక పడ్డ బాధ తర్వాత పెట్టుకున్న నిధి అది. ఆస్పత్రికి, చావుకి, అత్యవసరంగా ఊరికి పోయే టికెట్టుకి.

ఫిబ్రవరి చివర్లో పెద్దాయన మా ఇంటికొచ్చారు. ఈస్టర్ నాడు నిధి లెక్క చదవాలట. నన్ను తనిఖీ చేయమన్నారు. "నేను నమ్మేవాణ్ణి కాదు గదండీ" అన్నాను. "అందుకేనండీ మిమ్మల్ని అడిగేది. నమ్మేవాడైతే మొహమాటపడతాడు" అన్నారు. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో నాకంత మంచి యోగ్యతాపత్రం ఎవరూ ఇవ్వలేదు.

లెక్క చిన్నదే. ఒక సాయంత్రం పని. తొలి నిల్వ 23,600. రసీదు పుస్తకాల నకళ్ల ప్రకారం వసూలు 58,150. వోచర్లున్న ఖర్చు 20,500. ఉండవలసింది 61,250 రూపాయలు. పాస్‌బుక్కులో 39,900, డబ్బాలో 2,950, వెరసి 42,850. కొరత 18,400.

మళ్లీ కూడాను. నకళ్లు మళ్లీ లెక్కపెట్టాను. కొరత కొరతలాగే ఉంది.

ఇక్కడ పాస్‌బుక్ గురించి ఒక మాట చెప్పాలి. నిధి ఖాతా కోశాధికారి సొంత పేరు మీద ఉంది. సంఘం పేరిట రిజిస్టరు చేసుకోవచ్చుగా అని నేను మొదట్లోనే అడిగాను. ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు. తర్వాత అర్థమైంది. చర్చి పేరుతో కాగితం మీద సంతకం పెట్టడానికి సగంమందికి భయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులే షెడ్యూల్డ్ కులాలవారు. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మతం మారితే ఆంధ్రాలో, తెలంగాణలో బి.సి.-సి కిందికి వస్తారు. అందుకని ఇంట్లో ఒక మతం, సర్టిఫికెట్లో ఒక మతం. పిల్లల చదువు దాని మీద ఆధారపడి ఉంది. దీన్ని మోసం అనేవారున్నారు. మతం మారగానే కులం పోతుందని రాసిన కాగితం ఏం నిజం చెబుతోందని నేను అడుగుతాను. ఆ చర్చ మరోసారి. ఇప్పటికి చెప్పేదేమంటే, పేరు దాచుకోవలసి వచ్చిన మనుషుల డబ్బు ఒక్కడి జేబులో చేరుతుంది. రెండో సంతకం లేని చోట ఎంత మంచివాడికైనా పరీక్షే. ఇది దయ్యం పని కాదు, అంతర్గత నియంత్రణ లేకపోవడం.

కోశాధికారి ముప్పై అయిదేళ్లవాడు, ఒక ఖాతాలో మేస్త్రి. నల్గొండ వైపు. పిలిపించాను. మేడ మీదికి తీసుకెళ్లి కాగితం చూపించాను. చాలాసేపు కాగితమే చూశాడు. తర్వాత చెప్పాడు. 2023 సెప్టెంబర్‌లో కొడుక్కి డెంగ్యూ. ప్లేట్‌లెట్లు పడిపోయాయి. రాత్రి పదకొండింటికి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పదిహేను వేలు కడితేనే చేర్చుకుంటామన్నారు. అప్పుడు తీసింది పదిహేను వేలు, నాలుగు రోజుల తర్వాత మందులకు 3,400. దీపావళి బోనస్‌తో వేసేద్దామనుకున్నాడు. బోనస్ పాత అప్పుకి పోయింది.

"ఆ నిధి ఉన్నది అందుకేగా. అడిగితే ఇచ్చేవాళ్లు గదయ్యా, అడగలేదేం?" అన్నాను.

"ఎట్లడుగుత సార్? అంతకు రెండు నెల్ల ముంగట ఒక పెద్దమ్మ రెండు వేలు అడిగితే, రూల్‌ల లేదని నేనే ఎల్లగొట్టిన. గిప్పుడు నా కొడుక్కని ఏ మొకం పెట్టుకొని అడగాలె?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దానికి కారణం అతను కాదు.

1994లో ఉత్తరాదిన ఒక డిపోలో లోకల్ ఆడిట్ చేస్తున్నాను. ఒక స్టోర్‌కీపర్ దగ్గర 3,260 రూపాయల సరుకు తక్కువొచ్చింది. వారం గడువిస్తే కట్టేస్తానని బతిమాలాడు. రూలు ప్రకారం గడువు ఇచ్చే అధికారం నాది కాదు. ఇవ్వమని పైవాళ్లకి ఒక వాక్యం రాసే వీలు మాత్రం ఉంది. రాయలేదు. ఆ సాయంత్రమే అబ్జెక్షన్ పంపాను. అతన్ని సస్పెండ్ చేశారు, తర్వాత ఉద్యోగమే పోయింది. మధ్యలో ఒకరోజు అతని భార్య చంకలో పిల్లతో నా క్వార్టర్స్‌కి వచ్చింది. తలుపు దగ్గరే నిలబెట్టి రూలు చెప్పాను. సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఈ సంగతి నాన్నకి గొప్పగా చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. అన్నం తింటున్నవాడు కంచంలో నీళ్లు పోసి లేచాడు. 1998లో పోయేదాకా ఆ మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నేను అప్పటికే నాస్తికుణ్ణి. నాది దేవుడి కోసం చేసిన కాఠిన్యం కాదు. నిబంధన కోసం చేసింది. ఈ రెంటికీ తేడా ఏమిటని ఆ రాత్రి మొదటిసారి ఆలోచించాను.

మర్నాడు పెద్దాయనకి చెప్పాను. ఆయన చెప్పింది విని ఆశ్చర్యపోయాను. "సెప్టెంబర్ తేదీతో చేబదులు ఇచ్చినట్టు ఒక వోచర్ రాసేద్దామండీ. గొడవ ఉండదు. కుర్రాడు మంచివాడు" అన్నారు. ఆ వారం వచ్చిన అయ్యగారూ అదే అర్థం వచ్చేలా మాట్లాడారు. అతను తన దగ్గర ఏడ్చి ఒప్పుకున్నాడట. దేవుడు క్షమించాడు కనుక సభలో పెట్టి అవమానించడం ఎందుకన్నారు. ఇద్దరూ దయగలవాళ్లే. ఇంకో సంఘ పెద్ద మాత్రం పోలీసు కేసు పెట్టాలన్నాడు.

నాకు వెనక తేదీ వోచరంటే ఒళ్లు మండుతుంది. కానీ ఈసారి ఊరికే కోప్పడకుండా కారణం వెతికాను. లూథర్‌నే వెతికాను, ఎందుకంటే వాళ్లు వినేది ఆయన పేరే.

లూథర్ నాకు ఆదర్శం కాడు. 1525లో తిరగబడ్డ రైతుల్ని నరికెయ్యమని రాశాడు. 1543లో యూదుల మీద విషం కక్కాడు. బుద్ధిని వేశ్యతో పోల్చినవాణ్ణి హేతువాది నెత్తిన పెట్టుకోలేడు. కానీ 1517లో ఆయన లేవనెత్తింది, నా దృష్టిలో, మొదట ఒక ఆడిట్ అభ్యంతరం. పాప పరిహార పత్రాలు అమ్మి వసూలు చేసిన డబ్బు రోములో సెయింట్ పీటర్స్ నిర్మాణానికి అని జనానికి చెప్పారు. అందులో సగం మైంజ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ పదవి కోసం ఫుగ్గర్ల బ్యాంకులో చేసిన అప్పు తీర్చడానికి పోయింది. పత్రాలమ్మే బోధకుడి వెంట ఫుగ్గర్ల గుమాస్తాలు కూడా తిరిగేవారు! తప్పు చేసింది ఒకడి మీద, రసీదు తెచ్చుకుంది ఇంకొకడి దగ్గర. తప్పు మాఫీ కాలేదు, కాగితం మాత్రం మారింది.

మా శాఖలో 'రైట్ ఆఫ్' అని ఒకటుంది. నష్టం వసూలు కాదనుకుంటే లెక్కల్లోంచి కొట్టేయడం. దానికి రెండు షరతులు. ఒకటి, ముందు నష్టాన్ని నష్టంగా పుస్తకంలో రాయాలి. రాయని నష్టాన్ని ఎవరూ కొట్టేయలేరు. రెండు, మంజూరు చేసేవాడికి ఆ అధికారం ఉండాలి. ఎంత పెద్ద హోదా అయినా, సొమ్ము తనది కాని అధికారి సంతకం చెల్లదు.

అయ్యగారితో ఇదే చెప్పాను. "దేవుడు క్షమించాడో లేదో నాకు తెలీదండీ, నా లెక్కలో ఆయన లేడు. ఉన్నా, ఈ పద్దెనిమిది వేలు ఆయనవి కావు. పిడికెడు బియ్యం తీసిన ఆడవాళ్లవి. మాఫీ చేసే అధికారం వాళ్లది. వాళ్లకి చెప్పకుండా మనం చేసేది క్షమాపణ కాదు, దాపరికం." పోలీసు అన్న పెద్దకీ అదే జవాబు. శిక్షించే అధికారం కూడా మీ ఒక్కరిది కాదు.

అయ్యగారు మంచి మనిషి. కాసేపు మౌనంగా ఉండి ఒక సంగతి చెప్పారు. ప్రభువు ప్రార్థనలో మత్తయి వాడిన మాట పాపం కాదట, ఋణం. తెలుగు బైబిల్లోనూ ఋణమే. జర్మన్‌లో అప్పుకీ తప్పుకీ 'షుల్డ్' అని ఒకటే మాట. చిన్నప్పటి నుంచి లక్షసార్లు పలికిన మాట అది, అకౌంట్సువాణ్ణయి ఉండీ ఎప్పుడూ పట్టించుకోలేదు. తన వంతు ఋణం ఎవరికి మాఫీ చేశాడో చెబితే తప్ప అడిగేవాడికి అడిగే హక్కు లేనట్టుంది ఆ వాక్యం కట్టుబడి.

మార్చి 24 మట్టల ఆదివారం. పొద్దున పిల్లలు ఈత మట్టలు పట్టుకుని మెట్లెక్కారు. సాయంత్రం అదే సందు మొగలో హోలికా దహనం. మంట చుట్టూ గుజరాతీలు, మరాఠీలు, మా పిల్లలు కూడా. ధూళేటికి చాలా ఖాతాలు మూతపడ్డాయి. సాంచాలు ఆగిన ఆ సోమవారం సాయంత్రం సభ పెట్టారు.

కొరత అని చదివాను. అంకె చెప్పాను. కారణం నేను చెప్పలేదు, అతనే లేచి చెప్పాడు. గదిలో చప్పుడు లేదు. తర్వాత ఒక్కొక్కరే మాట్లాడారు. ఎక్కువమంది మాఫ్ చేసేద్దామన్నారు. డెంగ్యూ ఎవరింటికి రాలేదు గనక!

అప్పుడు ఆ పెద్దమ్మ లేచింది. రెండు వేలు అడిగి లేదనిపించుకున్నావిడ. లేస్కుట్టి, చీరలకి రాళ్లంటించి బతుకుతుంది.

"నాకు రూల్ లేదన్నడు. ఆయినకు ఆయినే ఇచ్చుకున్నడు. నేను మాఫ్ చెయ్య. మీరు చేస్తె చేస్కోర్రి. గాని పోరడు బతికిండు గద, గది మంచిగైంది. పోలీసులెందుకు? పైసలు కట్టనియ్యిర్రి. ఇంకోసారి నా అసొంటిది వస్తె కూసొబెట్టి మాట్లాడుర్రి."

ఆమె కూర్చున్నాక ఎవరూ మాఫీ మాట ఎత్తలేదు. నెలకు 2,300 చొప్పున ఎనిమిది వాయిదాలు. కోశాధికారి పదవి వేరొకరికి. ఖాతా ఇద్దరి పేర్ల మీద, ఇద్దరి సంతకాలతో. వెయ్యి నుంచి మూడు వేల దాకా అప్పటికప్పుడు ఇవ్వడానికి ముగ్గురు ఆడవాళ్ల కమిటీ, అందులో ఆ పెద్దమ్మ ఒకరు. తీర్మానం నేనే రాశాను. ఆమె వేలిముద్ర వేయలేదు, కూడబలుక్కుని తెలుగులో సంతకం పెట్టింది.

గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటల ధ్యానం. కింద సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. మాటకొకరు ప్రసంగం చెయ్యాలి. ఎవరు పెట్టారో తెలీదు గాని క్షమాపణ గురించిన మొదటి మాట ఆ కుర్రాడికి పడింది. నాలుగు నిమిషాలు మాట్లాడి ఆపేశాడు. పెద్దమ్మ ముందు వరసలో కూర్చుని తల వంచకుండా విన్నది.

ఆ ఏడు ఈస్టర్, ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజు ఒకటే అయ్యాయి. ఆదివారమైనా ప్రభుత్వ లావాదేవీలు చూసే బ్యాంకులు తెరవాలని రిజర్వు బ్యాంకు ఆదేశం. తెల్లవారుజామున మా వాళ్లు మేడ మీద పునరుత్థాన ఆరాధన చేసుకుంటుంటే నేను వెనక కూర్చుని లెక్క ముగించాను. 'రావలసినది 18,400' అని ఆస్తుల వైపు రాశాను. మా ఆవిడ చూసి, "పండగ పూట కూడా అదేనా?" అంది. అదే అన్నాను.

అక్టోబర్ దాకా వాయిదాలు సరిగ్గా వచ్చాయి. దీపావళికి ఖాతాలు మూసి జనం ఊళ్లకి పోయారు. ఆఖరి వాయిదా 2025 జనవరిలో వచ్చింది. అతను ఇప్పుడు నా పక్కన వెనక వరసలో కూర్చుంటాడు. పెద్దమ్మ అతనితో మాట్లాడుతుంది గానీ మాఫ్ చేశానని ఇప్పటికీ అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేదని నా అభిప్రాయం. క్షమించకపోవడం ఆమె హక్కు. ఆ హక్కు ఉంది గనకనే మిగతావాళ్ల క్షమాపణకి విలువ.

మిత్రుడు ఫోన్లో ఒక మాటన్నారు, వయసు మీద పడితే తిరుగుతారని. ఈ సూరత్‌లోనే అందుకు పెద్ద ఉదాహరణ ఉంది. 1864లో 'డాండియో' పత్రిక పెట్టి మూఢాచారాల్ని చీల్చి చెండాడిన కవి నర్మద్, చివరి దశలో పాత ధర్మం వైపే మళ్లాడు. ఇక్కడి సత్యశోధక సభ మిత్రులు దాన్ని దాచరు, తొలి నర్మద్‌ని వదులుకోరు. నా సంగతి అది కాదు. దేవుడి పద్దు కింద నా నిల్వ ఇప్పటికీ సున్నానే. ప్రార్థనప్పుడు కళ్లు మూసుకోను. రొట్టె, ద్రాక్షారసం తీసుకోను. అయ్యగారికి తెలుసు, బలవంతం చేయరు.

కానీ ఒకటి ఒప్పుకుంటాను. ఏడాదిలో నలభై రోజులు, మనుషులు నలుగురి ముందు కూర్చుని, 'నేను చేసింది తప్పు' అని గట్టిగా అనే ఏర్పాటు ఆ గదిలో ఉంది. వాళ్లు ఆ మాట పైకి చూసి అంటారు. పక్కకి చూసి అనాలని నా వాదన. ఆ సోమవారం పక్కకి చూసే అన్నారు, దానికి దేవుడితో పని పడలేదు. అయితే మా హేతువాద సంఘంలో, ముప్పై ఏళ్ల సమావేశాల్లో, ఎవరైనా లేచి ఆ మాట అనగా నేను వినలేదు. నేనూ అనలేదు. ఎదుటివాడి మూఢనమ్మకం ఎత్తి చూపడానికే మనకి సమయం చాలలేదు.

ఇంతకీ నేను ఇది రాయడానికి కారణం అదే. 1994 నాటి ఆ అబ్జెక్షన్‌లో అంకె తప్పు కాదు. గడువిమ్మని ఒక వాక్యం రాయగలిగీ రాయకపోవడం, తలుపు దగ్గర ఆమెను నిలబెట్టడం నా తప్పు. ఆ స్టోర్‌కీపర్ పేరు నాకు గుర్తుంది. ఊరు గుర్తులేదు. పాత సహోద్యోగుల్లో ఇద్దరికి ఉత్తరాలు రాశాను, ఇంకో ముగ్గురికి ఫోన్ చేశాను. ఒకాయన, "ముప్పై ఏళ్లయింది, ఇప్పుడెందుకండీ?" అన్నారు. దొరికితే ఏం చెప్పాలో కూడా నాకు తెలీదు. అతను క్షమించనంటే విని రావాలి, అంతే.

మిత్రమా, ఇదీ సంగతి. వచ్చే ఆదివారం కూడా మెట్లెక్కుతాను. మా ఆవిడ మోకాళ్లు ఇంకా తగ్గలేదు.